ప్రకృతి చూపు ఆనని వయసు

కిందటి మాఘమాసంలో ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఒక మిత్రుల ఇంట షష్టిపూర్తి జరిగింది. తుని నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య పీటల మీద కూర్చున్నారు. మాఘమాసమన్న మాటే గాని బయట ఎండ మన రోహిణి కార్తెను తలపిస్తోంది. భోజనాల దగ్గర ఆయన మనవడు, పన్నెండేళ్ళవాడు, మా పక్కన చేరి, "అంకుల్, మీరు డాక్టరు కదా, తాతయ్య ఎందుకు ముసలివాడయ్యాడు?" అని అడిగాడు. యంత్రం అరిగినట్టే ఒళ్ళూ అరుగుతుంది బాబూ అన్నాం. వాడు ఊరుకోలేదు. "నా చెయ్యి విరిగితే దానంతటదే అతుక్కుంది. మా కారుకి అతుక్కోదు కదా?" అన్నాడు. పెద్దాయన పప్పన్నం కలుపుకోవడం ఆపి, "చెప్పండి డాక్టరు గారూ, ఆ అనుమానం నాకూ ఉంది" అన్నారు. అదృష్టవశాత్తూ ఇంతలో పాయసం వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఆ ప్రశ్న ఎంత పెద్దదో బోధపడింది. కంటికి కనపడని ఒక్క కణం నుంచి తొమ్మిది నెలల్లో కళ్ళూ కాళ్ళూ గుండే తయారు చేసుకోగలిగిన శరీరం, తయారైనదాన్ని ఉన్నదున్నట్టుగా నిలబెట్టుకోలేకపోవడం ఏమిటి? మేడ కట్టడం కష్టమా, కట్టిన మేడకి ఏటేటా సున్నం వేయించుకోవడం కష్టమా? మెడికల్ కాలేజీలో మాకు ముసలితనంలో ఏమేమి జరుగుతాయో చెప్పారు. ఎందుకు జరగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ 'ఎందుకు' అన్నదానికి శాస్త్రజ్ఞులు సమాధానం వెతికిన చరిత్ర మేము చదువుకున్న కాకినాడనూ, ఇప్పుడు బతుకుతున్న ఈ మెల్‌బోర్న్‌నూ రెండింటినీ తాకుతూ పోయిందని తెలిశాక, ఆ కథ ఇక్కడ చెప్పుకోవాలనిపించింది.

ముందు ఒక అపోహ. స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ళు. అంటే ఆనాడు ముప్ఫై రెండేళ్ళకే జుట్టు నెరిసి చేతికర్ర పట్టారని కాదు. పసిపిల్లలు విరేచనాలతో, మశూచితో, మలేరియాతో పోయేవారు. వాళ్ళ లెక్క కలిపితే సగటు అంత దిగజారింది. ఆ గండాలన్నీ గడిచినవారు డెబ్బై, ఎనభై ఆనాడూ బతికారు. ఈ దేశంలో ఆదిమవాసుల ఆయుర్దాయం మిగతావారికంటే ఇప్పటికీ సుమారు ఎనిమిదేళ్ళు తక్కువగా ఉంది. దానికి కారణాలు పేదరికంలోనూ, జరిగిన అన్యాయాల్లోనూ, వైద్యం అందకపోవడంలోనూ ఉన్నాయి గాని వారి రక్తంలో లేవు. సగటు ఆయుర్దాయం వేరు, ముసలితనం వేరు. మొదటిది పెరుగుతూ పోయింది. రెండోది పెద్దగా కదల్లేదు. 'నిండు నూరేళ్ళు' అన్న మన దీవెన ఇప్పటికీ దీవెనగానే ఉంది. ఆధారాలతో రుజువైన అత్యధిక వయసు 122 ఏళ్ళు. 1997లో మరణించిన జాన్ కాల్మాన్ అనే ఫ్రెంచి ఆవిడది.

ఇక 'ఎందుకు' అన్నదానికి మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. పాతాకు రాలితేగాని కొత్తాకు రాదు, పెద్దలు చోటిస్తేగాని పిల్లలకు బతుకు లేదు అని. 1881లో జర్మనీలో ఆగస్ట్ వైజ్‌మన్ అనే పండితుడు దీన్నే శాస్త్రరూపంలో చెప్పాడు. వినడానికి గంభీరంగానే ఉంటుంది. కాని నిలవదు. జాతి మేలు కోసం తొందరగా చావమనే జన్యువు ఒకరికీ, ఇంకొన్నాళ్ళు బతికి ఇంకో ఇద్దరు పిల్లల్ని కనమనే జన్యువు మరొకరికీ ఉంటే, నాలుగు తరాలు గడిచేసరికి ఎవరి సంతానం ఎక్కువవుతుందో వేరే చెప్పాలా? పైగా అడవిలో జంతువులు ముసలివై చావడం అరుదు. ఆకలి, చలి, పులి అంతవరకూ రానివ్వవు. అవి ఎలాగూ చస్తుంటే, చంపడానికి ప్రకృతి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేయడమెందుకు? వైజ్‌మన్ కూడా తరవాత ఆ వాదం నుంచి వెనక్కి తగ్గాడు.

సరయిన దారి మొదట చూపినవారిలో ఒకరు కాకినాడలో ఉన్నారు. ఉన్నారు అని వర్తమానంలో రాయడం పొరపాటు కాదు. రంగరాయ మెడికల్ కాలేజీలో చదివిన వారికి తెలుసు. జె.బి.ఎస్. హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో 1892లో పుట్టిన ఆంగ్లేయుడు. డార్విన్ సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకరు. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, తరవాత భారత పౌరసత్వం తీసుకుని, లాల్చీ పైజమాల్లో తిరిగి, చివరకు భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. 1964 డిసెంబరు 1న కేన్సరుతో పోయారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి విద్యార్థుల చదువు కోసం ఇవ్వమని వీలునామా రాశారు. అలాగే తెచ్చారు. ఆయన అస్థిపంజరం అక్కడ భద్రంగా ఉంది. మొదటి సంవత్సరంలో ఆ ఎముకల ముందు నిలబడినప్పుడు మాకు ఆయనెవరో తెలియదు. మా సీనియర్ ఒకాయన "ఈ దొర పెద్ద లెక్కల మనిషిరా" అని మాత్రం అన్నాడు. ఆ మాట నిజమే.

హాల్డేన్ 1941లో రాసిన ఒక పుస్తకంలో హంటింగ్టన్ జబ్బు గురించి ఒక సంగతి గమనించారు. ఇది మెదడు కణాలను తినేసే జబ్బు. కాళ్ళూ చేతులూ తమంతట తాము ఆడుతూ ఉంటాయి, బుద్ధి చెదిరిపోతుంది, పదిహేను ఇరవై ఏళ్ళలో ప్రాణం పోతుంది. ఒక్క జన్యువులోని లోపం చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం. ఇంత ఘోరమైన జన్యువుని ప్రకృతి ఎప్పుడో ఏరిపారెయ్యాలి కదా? ఎందుకు ఏరలేదంటే జబ్బు సాధారణంగా ముప్ఫై అయిదు, నలభై దాటాక గాని బయటపడదు. అప్పటికే పెళ్ళి అయిపోయింది, పిల్లలు పుట్టేశారు, జన్యువు తరవాతి తరానికి చేరిపోయింది. ప్రకృతి చూసేసరికి దొంగ ఇల్లు దాటేశాడు.

హాల్డేన్‌కి పిఠాపురంలో పుట్టిన శిష్యుడొకరు ఉన్నారు, ద్రోణంరాజు కృష్ణారావు గారు. విశాఖలో చదివి, 1957లో కలకత్తా వెళ్ళి ఆయన దగ్గర చేరారు. తరవాత అమెరికాలో స్థిరపడి, గురువుగారి జీవితం మీద పుస్తకాలు రాసి, 2020లో కాలం చేశారు. ఆయన తొలి పరిశోధన తెలుగువారి చెవుల మీద! మన తాతల చెవి అంచున గుత్తులుగా వెంట్రుకలు మొలుస్తాయే, అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము లక్షణమని సొంత కుటుంబపు వంశవృక్షం ఆధారంగా 1960లో ప్రచురించారు. నలభై ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాలన్నీ దాన్ని ఉదాహరించాయి. 2004లో డి.ఎన్.ఏ. పరీక్షలు చేసిన వారు ఆ వెంట్రుకలకీ వై క్రోమోజోముకీ సంబంధం కనిపించలేదన్నారు. ఆ సంగతి అలా ఉంచి, మనకిక్కడ కావలసింది ఇంకొకటి. ఆ వెంట్రుకలు ఇరవయ్యో ఏట రావు. వయసు ముదిరాక వస్తాయి. పుట్టుకతో మనలో చేరి, దశాబ్దాలు నిద్రపోయి, ఆలస్యంగా లేచే జన్యువులుంటాయన్నమాట. చెవి వెంట్రుకల వల్ల నష్టం లేదు. హంటింగ్టన్ సంగతి వేరు.

ఆ జబ్బుకి మన ఇరుగు పొరుగే సాక్ష్యం. జీలాంగ్ నుంచి రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి చేరే టాస్మేనియా ద్వీపంలో ఇది అసాధారణంగా ఎక్కువ. 1964లో, అంటే హాల్డేన్ పోయిన ఏడే, బ్రదర్స్ అనే వైద్యుడు విక్టోరియా, టాస్మేనియాల్లోని రోగుల వివరాలు సేకరించి ప్రచురించారు. టాస్మేనియాలో లక్షమందికి పదిహేడుగురు పైగా తేలారు. వారిలో చాలామంది ఒకే వంశంవారు. 1848లో ఇంగ్లండులోని సోమర్సెట్ నుంచి పిల్లలతో ఓడెక్కి వచ్చిన ఒక స్త్రీ సంతానం. మనలాగే బాగుపడదామని దేశం విడిచి వచ్చిన మనిషి. సామానుతోబాటు ఏం తెస్తోందో ఆమెకు తెలిసే మార్గం లేదు. ఆ జన్యువు నాలుగో క్రోమోజోములో ఉందని 1983లోనూ, అది ఫలానా అని 1993లోనూ కనుక్కున్నారు. ఇప్పుడు రక్తపరీక్షతో ముందుగానే తెలుసుకోవచ్చు. చికిత్స లేని జబ్బు సంగతి పాతికేళ్ళప్పుడే తెలుసుకోవాలా వద్దా అని అటువంటి కుటుంబాల పిల్లలు పడే యాతన మేము దగ్గరనుంచి చూశాం. చాలామంది తెలుసుకోవద్దనే నిశ్చయించుకుంటారు. వారిని తప్పు పట్టలేం.

హాల్డేన్ ఒక్క జబ్బుకి చెప్పిన మాటను ముసలితనం మొత్తానికి వర్తింపజేసిన వాడు పీటర్ మెడవార్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1951లో ప్రొఫెసరుగా చేసిన తొలి ఉపన్యాసంలో, ప్రయోగశాలలో పగిలిపోయే గాజు గొట్టాల లెక్కతో ఈ విషయం వివరించాడు. మేము దాన్ని టీ కొట్టుకి మారుస్తాం.

కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఒక టీ కొట్టులో వంద గాజు గ్లాసులు కొన్నారనుకోండి. గ్లాసుకి ముసలితనం లేదు. అయిదేళ్ళ గ్లాసూ కొత్త గ్లాసూ ఒకే గట్టి. కాని కుర్రవాడి చేతిలోంచి జారి ఏటా సగం పగులుతాయి. ఏడాదికి యాభై మిగుల్తాయి, రెండేళ్ళకి పాతిక, మూడేళ్ళకి పన్నెండు, అయిదేళ్ళకి మూడు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గ్లాసులు మొదటి నెలలోనే వేడికి చిట్లుతాయి. షావుకారు మళ్ళీ ఆ సరుకు ముట్టుకోడు. ఇంకో ఫ్యాక్టరీ గ్లాసులకి అయిదో ఏట చిట్లే లోపం ఉంది. అప్పటికి ఉన్నవే మూడు. షావుకారుకి ఆ లోపం ఉన్నట్టు కూడా తెలియదు. ఆ ఫ్యాక్టరీ సరుకే మళ్ళీ మళ్ళీ కొంటాడు. ఇలాంటి ఆలస్యపు లోపాలు ఒకదాని మీద ఒకటి తరతరాలుగా పోగుపడతాయి. తరవాత ఎప్పుడో కుర్రవాడు జాగ్రత్త నేర్చుకుని గ్లాసులు పగలగొట్టడం మానేస్తాడు. టీకాలు, మంచినీళ్ళు, పెన్సిలిన్ వచ్చిన మన కాలం అన్నమాట. అప్పుడు అయిదో ఏడు దాటిన గ్లాసులు డజన్లకొద్దీ కనిపిస్తాయి, ఆ లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ముసలితనం అంటే అది. ప్రకృతి విధించిన శిక్షా కాదు, ఏర్పాటూ కాదు. పెద్దవాళ్ళకి చూపు ఆనడం లేదంటాం కదా, అసలు చూపు ఆననిది ప్రకృతికి.

తరవాతి కథ తొందరగా చెప్పుకోవచ్చు. 1957లో అమెరికాలో జార్జి విలియమ్స్ ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు. కొన్ని జన్యువులు వయసులో మేలు చేసి ముసలితనంలో కీడు చేస్తాయన్నాడు. ఎముకల్లో సున్నం గట్టిగా పట్టించే జన్యువే తరవాత రక్తనాళాల్లోనూ సున్నం పట్టించవచ్చునని ఊహించాడు. అప్పు చేసి పెళ్ళి ఘనంగా చేయడం లాంటిది. వడ్డీ తరవాత కడతాం. 1977లో టామ్ కర్క్‌వుడ్ దీన్ని ఇంటి బడ్జెట్‌గా చూపించాడు. ఉన్న జీతంలో పిల్లల ఫీజులు కట్టాలా, ఇంటికి మరమ్మతు చేయించాలా? ఏ శరీరమూ రెండూ పూర్తిగా చేయలేదు. ముదిరిన ఈగల గుడ్లను మాత్రమే ఎంచి తరాలుగా పెంచితే ఆ ఈగల ఆయుష్షు పెరిగిందని 1980 దశకంలో మైకేల్ రోజ్ చేసి చూపించాడు. షావుకారు చేత అయిదో ఏటి గ్లాసులనే చూసి సరుకు కొనిపించినట్టు.

కాని ఈ సిద్ధాంతానికి ప్రయోగశాల ఈగలకంటే కళ్ళకు కట్టే ఉదాహరణలు ఆస్ట్రేలియా అడవుల్లో ఉన్నాయి. మనలో చాలామంది ఆదివారాలు డాండినాంగ్ కొండలకి పులిహోర పొట్లాలతో పోతాం గదా, అక్కడి ఆకుల కింద యాంటికైనస్ అనే చుంచు లాంటి జంతువు ఉంటుంది. కంగారూకి దూరపు చుట్టం. మగవాటికి సుమారు పదకొండు నెలల వయసు వచ్చేసరికి చలికాలం చివర జత కట్టే కాలం వస్తుంది. రెండు మూడు వారాలపాటు తిండీ నిద్రా లేకుండా అదే పని. ఒక్కొక్క కలయిక పది పన్నెండు గంటలు కూడా సాగుతుందట. పిల్లలు చదివే పత్రిక కనుక ఇంతటితో ఆపుతాం. ఆ కాలం అయ్యేసరికి అడవిలో ఒక్క మగది మిగలదు. ఒక్కటంటే ఒక్కటి. ఆడవి మాత్రం పిల్లల్ని పెంచుతాయి, కొన్ని రెండో ఏడు కూడా చూస్తాయి.

ఈ సామూహిక మరణాన్ని 1966లో పెట్రీషియా వూలీ వర్ణించింది. ఎందుకు చస్తున్నాయో 1970ల్లో ఇక్కడి మొనాష్ విశ్వవిద్యాలయంలో లీ, బ్రాడ్లీ మొదలైనవారు తేల్చారు. రక్తంలో కార్టిజాల్ అనే స్టెరాయిడ్ హద్దు మీరి పెరిగిపోతుంది, దాన్ని పట్టి ఉంచే ప్రోటీను తగ్గిపోతుంది. కడుపులో పుళ్ళు పడి నెత్తురు కారుతుంది, వ్యాధినిరోధక శక్తి కూలిపోతుంది, పురుగులూ సూక్ష్మజీవులూ పైనబడతాయి. కీళ్ళవాతానికి మేము రాసిచ్చే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగినవారిలో మేము భయపడేవన్నీ ఆ చిన్న ఒంట్లో రెండు వారాల్లో చూడవచ్చు. వృషణాలు తీసేసిన మగవి మాత్రం చావలేదు. అరగడానికి ఏమీ లేదు, పదకొండు నెలల ఒళ్ళు. మిగతా జీవితం కోసం ఒళ్ళు దాచుకుంటే లాభం లేదు గనక దాచుకోవడం లేదు. పురుగులు సమృద్ధిగా దొరికే కొద్ది కాలంలోనే ఆడవన్నీ ఒకేసారి ఎదకు రావడం, మగవాటి మధ్య పోటీ విపరీతం కావడం దీనికి మూలమని 2013లో క్వీన్స్‌లాండ్‌లో డయానా ఫిషర్ బృందం చూపించింది. కర్క్‌వుడ్ చెప్పిన బడ్జెట్‌లో జీతమంతా ఒకే రోజు ఖర్చు పెట్టేసిన ఇల్లు అది.

దానికి ఎదురుగా మటన్‌బర్డ్ అనే సముద్రపు పక్షి ఉంది. బాస్ జలసంధిలోని ఫిషర్ ద్వీపంలో 1947 నుంచి సర్వెంటీ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటి కాళ్ళకి గొలుసులు తగిలించి లెక్క పెట్టాడు. అరకేజీ పక్షి, ఏటా ఉత్తరాన బేరింగ్ సముద్రం దాకా పోయి వస్తుంది, ముప్ఫై ఏళ్ళు దాటి బతుకుతుంది, ఏటికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఎగరగలదు గనక, ద్వీపంలో కాపురం గనక శత్రువుల భయం తక్కువ. టీ కొట్టులో గ్లాసులు పగలడం తక్కువన్నమాట. అందుచేత ఆలస్యపు లోపాలను కూడా ప్రకృతి చూడగలిగింది.

ఇక మెల్‌బోర్న్. 1960లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇద్దరికి కలిపి ఇచ్చారు. ఒకరు పైన చెప్పిన మెడవార్. రెండోవారు ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్. ట్రారల్గన్‌లో 1899లో పుట్టిన బ్యాంకు మేనేజరు కొడుకు. చిన్నప్పుడు పేడపురుగులూ పెంకుపురుగులూ సీసాల్లో పోగుచేసిన బిడియస్తుడు. మెల్‌బోర్న్‌లోనే వైద్యం చదివి, వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కి 1944 నుంచి 1965 వరకు డైరెక్టరుగా ఉన్నాడు. బహుమతి వచ్చింది వ్యాధినిరోధక శక్తి మీద చేసిన పనికి. ముసలితనానికీ దానికీ సంబంధం లేదు. అయినా ఇద్దరికీ ముసలితనమే వేర్వేరు కాలాల్లో పట్టుకుంది. మెడవార్ ముప్ఫై ఆరో ఏట దాని గురించి మాట్లాడాడు. బర్నెట్ రిటైరయ్యాక, తానే ముసలివాడై, విశ్వవిద్యాలయంలో ఒక గది తీసుకుని ఆలోచించాడు. 1974లో డెబ్బై అయిదో ఏట పుస్తకం వేశాడు.

ఆయన ప్రశ్న ఎందుకు అని కాదు, ఎలా అని. కణం రెండుగా చీలేటప్పుడల్లా డి.ఎన్.ఏ. కి నకలు రాయాలి. నకలు రాసే ఎంజైములు, తప్పులు దిద్దే ఎంజైములు ఉన్నాయి. వ్రాయసకాడు ఎంత నేర్పరి అయినా తప్పు దొర్లకుండా ఉండదు. ఆ తప్పులు జీవితమంతా శరీరకణాల్లో పోగుపడటమే ముసలితనమని బర్నెట్ వాదం. ఎలుక వ్రాయసకాడు అజాగ్రత్త మనిషి, మనిషి వ్రాయసకాడు జాగ్రత్తపరుడు. ఎంత జాగ్రత్త కావాలో ఆ జాతి పరిణామమే నిర్ణయించింది. అందరికంటే ముందు దెబ్బ తినేది థైమస్ గ్రంథి మీద ఆధారపడిన నిరోధక శక్తి అని కూడా అన్నాడు. ఎండ తగిలితే చర్మ కేన్సర్లు వచ్చే జిరోడెర్మా రోగుల్లో డి.ఎన్.ఏ. మరమ్మతు లోపించిందని 1968లో బయటపడటం ఆయనకి బలమిచ్చింది.

ఆ రోజుల్లో కొట్టిపారేసిన వారు చాలామంది. కణాల్లో తప్పులు లెక్కపెట్టే సాధనం అప్పుడు లేదు. 2022లో ఇంగ్లండులోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ వారు చుంచెలుక నుంచి జిరాఫీ దాకా పదహారు జాతుల పేగు కణాల్లో డి.ఎన్.ఏ. మొత్తం చదివి లెక్క తీశారు. చుంచెలుక కణంలో ఏడాదికి 796 తప్పులు, మనిషి కణంలో 47. ఆయుష్షు తక్కువైన జాతుల్లో వేగం ఎక్కువ, ఎక్కువైన జాతుల్లో తక్కువ. చివరికి బతుకు ముగిసేసరికి అన్నిటిలోనూ మొత్తం దాదాపు ఒకే స్థాయిలో ఉంది. దీంతో బర్నెట్ చెప్పిందంతా రుజువైందనకూడదు. ముసలితనానికి ఆ తప్పులే కారణమా, లేక వాటితో సమంగా నడిచే మరేదైనానా అన్నది ఇంకా తేలలేదు. ఆయన ఊహ పిచ్చి ఊహ కాదని మాత్రం తేలింది.

మన హైదరాబాదులో కల్లూరి సుబ్బారావు గారు ఇదే తీగ లాగారు. మెదడు కణాలు చీలవు; పుట్టినప్పటి కణాలతోనే ఎనభై ఏళ్ళు గడపాలి గనక వాటికి మరమ్మతే దిక్కు. ముసలి ఎలుకల మెదడు కణాల్లో డి.ఎన్.ఏ. ఖాళీలు పూడ్చే శక్తి తగ్గిపోతుందనీ, బీటా పాలిమరేజ్, లైగేజ్ అనే ఎంజైములు బయటనుంచి కలిపితే ఆ శక్తి తిరిగి వస్తుందనీ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆయన బృందం చూపించింది. పరీక్షనాళికలో మాత్రమే సుమా. సామర్లకోటలో మా అమ్మగారు ఈమధ్య ఫోనులో అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నారు. ఆ రాత్రి ఈ పరిశోధన పత్రం వెతికి చదివాం. డాక్టరై ఉండీ, ఎలుకల మెదడు పత్రంలో అమ్మకి మందు వెతకడం ఎంత తెలివి తక్కువో తెలిసీ చదివాం.

బర్నెట్ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆ పుస్తకం వైపు నడుస్తున్న రోజుల్లోనే, అదే ఆవరణలో, హోబార్టులో పుట్టిన వైద్య దంపతుల కూతురు ఒకామె బయోకెమిస్ట్రీ చదువుతోంది. పేరు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్. పరమాణు జీవశాస్త్రం వల్ల వైద్యానికి ఒరిగేదేమీ లేదని బర్నెట్ బాహాటంగా చెప్పే కాలం అది. ఆమె కేంబ్రిడ్జికి, అక్కడినుంచి అమెరికాకి వెళ్ళి, చెరువునీటి జీవి ఒకదానిలో క్రోమోజోముల కొసలు ఎలా ఉంటాయో 1978లో చూపింది. చెప్పుల తాడు కొసన ఉండే తొడుగులాంటివి అవి. 1961లో లెనర్డ్ హేఫ్లిక్ మనిషి కణాలు సుమారు యాభైసార్లు చీలి ఆగిపోతాయని కనుక్కున్న వింతకి ఇక్కడ జవాబు దొరికింది: చీలినప్పుడల్లా ఆ తొడుగు కాస్త తరుగుతుంది. తరిగినదాన్ని పూడ్చే ఎంజైముని ఆమె, శిష్యురాలు కెరొల్ గ్రైడర్ 1984లో పట్టుకున్నారు. 2009లో నోబెల్ వచ్చింది. ఇది విని ఆ కొసలు పొడిగించే మాత్రలు కొందామని మా దగ్గరికి వచ్చిన మిత్రులున్నారు. మూడేళ్ళు బతికే ప్రయోగశాల ఎలుకకి మనకంటే పొడుగైన కొసలుంటాయని చెప్తే నిరాశపడ్డారు.

బర్నెట్ దగ్గర మేము విడిపోయే చోటు ఒకటుంది. 1978లో వేసిన మరో పుస్తకంలో ఆయన, ముసలితనం జన్యువుల్లోనే రాసి ఉన్నప్పుడు పెద్దవారి మరణాన్ని వైద్యులు వాయిదా వేస్తూ పోవడం అనవసరమన్న ధోరణిలో రాసి, కారుణ్య మరణాన్ని సమర్థించి, చాలామంది మనసు నొప్పించాడు. కొంత నిజముంది. ఆశ లేని ఒంటికి గొట్టాలు తగిలించి నెలలు గడపడం వైద్యం కాదని వార్డుల్లో పనిచేసే మాకూ తెలుసు. బాధ భరించలేని రోగి తానుగా కోరుకుంటే చట్టం అనుమతించే ఏర్పాటు ఈ విక్టోరియాలో 2019 నుంచి ఉంది. కాని అది రోగి కోరిక. ప్రకృతికి పెద్దవాళ్ళు కనబడరు గనక మనకీ కనబడనక్కర్లేదనడం వేరు. సిద్ధాంతం మొదటిది చెప్పింది, రెండోది చెప్పలేదు. మెడవార్‌కి యాభై నాలుగో ఏట, 1969లో, ఉపన్యాసానికి కాదు, చర్చిలో బైబిలు చదువుతుండగా పక్షవాతం వచ్చింది. ఆ ఒంటితోనే పద్దెనిమిదేళ్ళు బతికి పుస్తకాలు రాశాడు. బర్నెట్ 1985లో పోర్ట్ ఫెయిరీలో, ఎనభై ఆరు నిండడానికి మూడు రోజుల ముందు పోయాడు.

పైగా ప్రకృతి చూపు మరీ అంత మందం కూడా కాదు. ఆడవారికి సంతానకాలం యాభైలోపే ముగుస్తుంది. లెక్క ప్రకారం ఆ తరవాత బతకవలసిన పని లేదు. అయినా బతుకుతారు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని జీవించే హడ్జా ప్రజల మధ్య క్రిస్టెన్ హాక్స్ బృందం తూకం పట్టుకుని కూర్చుని చూసింది. తల్లి కొత్తబిడ్డకి పాలిస్తూ ఉంటే, పై పిల్లల ఒళ్ళు పెరగడం అమ్మమ్మ తవ్వి తెచ్చే దుంపల మీద ఆధారపడి ఉంది. మనవలు బతికితే అమ్మమ్మ జన్యువులూ బతికినట్టే. మనిషికి ఆయుష్షు ఇంత పెరగడానికి అమ్మమ్మలే కారణమని 1998లో వారు ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకోలేదు. మన ఇళ్ళలో మాత్రం ఋజువులు అక్కర్లేదు. పురుళ్ళకి వచ్చి, వాము కషాయాలు కాచి, ఆరు నెలలు ఉండి, వీసా గడువు చూసుకుని వెళ్ళిపోయిన అమ్మమ్మలు, నాన్నమ్మలు లేకపోతే మనలో ఎన్ని ఇళ్ళు నడిచేవి? మా ఇద్దరు పిల్లల పురుళ్ళకూ మా అత్తగారూ అమ్మగారూ వంతులవారీగా వచ్చారు. అటువంటి పెద్దలు ఇక్కడే ఉండిపోవడానికి మామూలు రుసుము వీసాకి దరఖాస్తు పెడితే ముప్ఫై ఏళ్ళకు పైగా పడుతుందని అధికారికంగానే ప్రకటించారు. అరవై అయిదేళ్ళవారు తొంభై అయిదు దాకా ఆగాలి. ఆ గడువు వేసినవారు మెడవార్‌ని చదవలేదని చెప్పవచ్చు.

ఈ వ్యాసంలో సగం మొన్న ఆ కుర్రవాడికి ఫోనులో చెప్పాం. టీ గ్లాసుల లెక్క వెంటనే పట్టుకున్నాడు. అయిదో ఏటికి మిగిలేవి మూడు కాదు, ఖచ్చితంగా మూడు ఒకటి బై ఎనిమిది అని దిద్దాడు కూడా. కాకినాడలో ఎముకల దొర సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, "అయితే తాతయ్య చెవుల్లో ఉన్న వెంట్రుకలు నాకూ వస్తాయా?" అన్నాడు. రావచ్చు, ఎప్పుడో యాభై దాటాక అన్నాం. వెనక నుంచి పెద్దాయన నవ్వు వినిపించింది. ఆయన తిరుగు ప్రయాణం టిక్కెట్టు వచ్చే నెల పదో తారీకుకట.